వదలని వ్యాధితో కాపురము
(శతవత్సర కూటములలో పాస్టర్ల, సంఘపెద్దల సదస్సున చేసిన ప్రసంగము)



రోగులను దర్శించుటను గురించి మాటలాడుమని మమ్మును కోరినారు. వేదాంత కళాశాలలో దానిని గూర్చి కొంత చదివితిమి. మిగిలినది మా యింటనే నేర్చుకొంటిమి. మీరందరు అమ్మగారని పిలుచు మా భార్య అనుమతితోనే ఈ సంగతులు చెప్పుచున్నాము.

2012వ సంవత్సరము వేసవిలో ఆమెకు పొత్తికడుపు కుడిప్రక్క నొప్పి ప్రారంభమైనది. సాయంకాలము జ్వరము, దినమునకు ఎనిమిది పది విరేచనములు. నాలుగు మాసములలో పదకొండు కిలోల బరువు తగ్గినది. మొదటి ఆసుపత్రిలో ప్రేగుల క్షయ అన్నారు. ఆరు నెలలు క్షయ మందులు మ్రింగినది. మూత్రము నారింజరంగుగా వచ్చుట చూచి రక్తమేమోనని హడలిపోతిమి. అది మందు రంగేనట. జబ్బు మాత్రము కదలలేదు. పట్టణములోని పెద్ద ఆసుపత్రికి పోగా, ఇది క్షయ కాదు, క్రోన్స్ వ్యాధి అని తేలినది.

1932లో ఈ వ్యాధిని వివరించి వ్రాసిన న్యూయార్కు వైద్యులు ముగ్గురిలో ఒకరి పేరే దానికి వచ్చినది. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే ప్రేగుల గోడల మీద తిరుగబడి వాపును, పుండ్లను కలుగజేయును. ఇది అంటుకొనదు. తగ్గుచు, మరల రేగుచు జన్మాంతము వెంటనుండును. క్షయయు, ఇదియు తరచుగా చిన్నప్రేగు పెద్దప్రేగుతో కలియు చోటనే కనబడును. ముక్క తీసి పరీక్షించినను ఒక్కొక్కప్పుడు భేదము తెలియదు. క్షయ యుండగా దీని మందులిచ్చినయెడల క్షయ విజృంభించును గనుక, మన దేశములో మొదట క్షయ మందులిచ్చి చూచుట కద్దు. కావున మొదటి డాక్టరుగారిని అందుకు తప్పు పట్టము. రెండు మూడు నెలలకే మరల పరీక్షించి చూడవలసినది. వారు చెప్పలేదు, మేము అడుగలేదు.

పెద్ద ఆసుపత్రిలోని మొదటి రాత్రి మరచునది కాదు. ప్రొద్దున గొట్టము వేసి ప్రేగులు చూచెదరు గనుక, ప్రేగులు శుభ్రమగుటకు లీటర్లకొలది మందు నీళ్లు త్రాగించిరి. ఆడవారి వార్డు అంతటికి మరుగుదొడ్డి ఒక్కటే. దానికి గడియ లేదు. మమ్మును వరండాలోనే యుండుమన్నారు. ప్రక్క మంచము రోగి తల్లి, ఒక ముసలమ్మ, తెల్లవారువరకు ఆ తలుపు పట్టుకొని నిలువబడినది. ఆమె ఏ ఊరో, ఏ మతమో అడుగలేదు. ఉదయమున వచ్చిన చిన్న డాక్టరు, "ఏమమ్మా, ఇంట్లో ఏమైనా దిగులా?" అని అడిగి, కాగితములు చూడకనే వెళ్లిపోయినాడు. నొప్పికంటె ఆ మాటయే ఆమెను ఎక్కువగా బాధించినది.

తరువాత స్టిరాయిడ్ మాత్రలిచ్చిరి. పది దినములలో జ్వరము పోయినది, ఆకలి పుట్టినది, ముఖము గుండ్రముగా నిండినది. మేమేమి చేసితిమి? ఆదివారమున పులిపీఠమునుండి పూర్తి స్వస్థత కలిగినదని సాక్ష్యమిచ్చి, కృతజ్ఞతార్పణ వేసి, నెల దాటిన తరువాత మాత్రలన్నియు ఒక్కసారిగా మాన్పించితిమి. మూడవ దినమున ఆమె వంటింటిలో పడిపోయినది. వాంతులు, లేచి కూర్చుండు శక్తి లేదు. ఆ మాత్ర వాడుచుండగా మూత్రపిండములపైనున్న గ్రంథులు తమ పని మానుకొనును. మాత్రను కొంచెము కొంచెముగా తగ్గించితేనే అవి తిరిగి మేలుకొనును. ఈ హెచ్చరిక చీటీ మీద ఇంగ్లీషులో ఉన్నది. నోటితో ఎవరును చెప్పలేదు. అయితే ఆ చీటీని చదువగలిగినవారమే మేము. మా సాక్ష్యము ఆమె ప్రాణము మీదికి తెచ్చినదని మీ యెదుట ఒప్పుకొనుచున్నాము.

రెండవమారు రేగినప్పుడు సంఘములో కొందరు విశ్వాసము చాలలేదన్నారు. అయ్యగారి ఇంటిలోనే ఇట్లయితే మా గతి ఏమని మరికొందరు. పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ సంగతి మనకందరికి తెలిసినదే. ఆమె అనేక వైద్యులచేత అనేక బాధలు పడి మరింత సంకటపడినట్లు మార్కు వ్రాసినాడు. లూకా ఆ మాట విడిచిపెట్టినాడు. పౌలు పత్రికలో లూకా వైద్యుడని యున్నది గదా, తన వృత్తివారిని కాచుకొన్నాడేమోయని మా ఉపాధ్యాయులొకరు నవ్వుచు చెప్పెడివారు. మేము మార్కునకు ఋణపడియున్నాము. ఆ స్త్రీ పడిన బాధ వ్యాధివలన మాత్రమే కాదని అతడు నమ్మినాడు.

ఇప్పుడు ఆమె అజాథయోప్రిన్ అను మాత్ర వాడుచున్నది. తెల్లకణములు పడిపోకుండ తరచు రక్తపరీక్ష చేయించవలెను. బదిలీ అయిన ప్రతి ఊరిలో క్రొత్త డాక్టరు మొదటినుండి అడుగును గనుక కాగితములన్నియు ఒకే ఫైలులో తేదీల వరుసన పెట్టుకొంటిమి. మంచి దినములలో అన్నియు తినును. రేగిన దినములలో గంజి, మెత్తని అన్నము. సహోదరీలు ప్రేమతో తెచ్చిన ఆవకాయను ఆమె ముట్టకపోయిన నొచ్చుకొనవద్దు. చూచుటకు బాగానే యున్నారు గదా అనవద్దు. ఈ పూట ఎట్లున్నదని అడిగి, జవాబు వినువరకు కూర్చుండుడి.

చివరిగా పెద్దలకు ఒక మనవి. శతవత్సరమునకు గోపురములకు రంగులు వేయించుచున్నాము, సంతోషమే. కాని మా వెనుకటి సంఘములో ఆమె రెండు సంవత్సరములు ఆరాధనకు సరిగా రాలేకపోయినది. కారణము భక్తిలేమి కాదు. గుడి వెనుకనున్న మరుగుదొడ్డికి తాళము, తాళపుచెవి కావలివాని యింట, అతని యిల్లు వీధి చివర. కమిటీలో మూడుమారులు అడిగిన తరువాత చెవిని వెస్ట్రీ తలుపు ప్రక్క మేకుకు తగిలించినారు. ఆ నెలలోనే, ఎన్నడును ప్రసంగము పూర్తిగా వినని ఇద్దరు ముసలివారును, ఒక గర్భిణియు చివరివరకు కూర్చుండుట చూచితిమి.