స్వభావానికి కొలత



మన జూపాడు బంగ్లా మండలంలోని పోతిరెడ్డిపాడు దగ్గర కాలువ నీళ్లను క్యూసెక్కులలో లెక్కిస్తారు. మనిషి స్వభావాన్ని కొలవగలమా? కోస్టా, మెక్‌క్రే అనే అమెరికా శాస్త్రవేత్తలు 1992లో 240 వాక్యాల ప్రశ్నావళిని వెలువరించారు. కలుపుగోలుతనం, సౌమ్యత, బాధ్యత, కొత్తవాటిపై ఆసక్తి, ఆందోళన అనే ఐదు లక్షణాలను అది కొలుస్తుంది. 2002లో 36 సంస్కృతుల ఫలితాలను పోల్చినప్పుడు వాటిలో తెలుగువారి జవాబులూ ఉన్నాయి.

అయితే ఆ మార్కులు మన గురించి మనం చెప్పుకున్న మాటలను ఇతరుల మాటలతో పోల్చగా వచ్చినవే. నీటి లెక్క ఏ చేను పండుతుందో చెప్పదు. కాబట్టి బిడ్డమీద "వీడింతే" అని ముద్ర వేయకండి. "నా స్వభావమింతే" అని పాపానికి సాకు చెప్పకండి. వయస్సుతో ఈ లక్షణాలు మారుతాయని పరిశోధకులే చూపారు.

మొదటి సమూయేలు 16వ అధ్యాయము చదవండి. యెష్షయి పెద్దకుమారుని రూపము చూచి సమూయేలు ఇతడే రాజనుకొన్నాడు. దేవుడు కోరుకొన్నది గొఱ్ఱెలు కాయుచున్న కడపటివాణ్ణి; ఇంటివారే అతణ్ణి లెక్కలోకి తీసుకోలేదు. మీ యింట లెక్కకు రాని బిడ్డ ఎవరు? ఈ రాత్రి ఆ బిడ్డను దగ్గరకు పిలిచి ప్రార్థించండి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.