శబ్దం ఎక్కడిదో తేల్చాకే స్పానర్ పట్టాలి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నన్ను మాట్లాడమంటూ ఒక షరతు పెట్టారు. ఉద్యోగం కబుర్లు వద్దు, పాత కార్ల గురించి చెప్పమన్నారు. నాకు కావలసిందీ అదే. అందరికీ తెలిసిన అంబాసిడర్‌నే తీసుకుంటాను. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా 1950ల చివర్లో మొదలై, కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైన బండి అది. మనలో చాలామంది పెళ్ళికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా అందులోనే.

ఈ బండికి ఇంజను ముందు, నడిపే చక్రాలు వెనక. ఇంజను బలం క్లచ్, గేర్‌బాక్స్ దాటి, కింద పొడుగ్గా ఉండే ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా డిఫరెన్షియల్‌కు, అక్కడినుంచి చక్రాలకు చేరుతుంది. షాఫ్ట్‌కు రెండు చివరలా ఒక్కో క్రాస్ ఉంటుంది. గతుకుల్లో వెనక ఇరుసు పైకీ కిందికీ ఊగినా షాఫ్ట్ తిరగడానికి అవే కీళ్ళు. నలభై ఏళ్ళ బండిలో ఈ దారిలో ఎక్కడో ఒకచోట అరుగుదల తప్పదు. చిక్కేమిటంటే, శబ్దం ఒకచోట పుట్టి ఇనుము వెంట పాకి ఇంకోచోట వినిపిస్తుంది. తొందరపడి సామాను మారిస్తే డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది. అందుకే బండిని వరసగా నాలుగు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, బండి నిలబడి ఉండగానే శబ్దం వస్తోందా? న్యూట్రల్‌లో ఇంజను నడుపుతూ వినండి. క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగును అనుమానించాలి. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగును చూడాలి.

రెండు, శబ్దం ఇంజనుతో పోతోందా, బండి వేగంతో పోతోందా? ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంలో, ఇంజను ఆపకుండా, కొద్దిసేపు న్యూట్రల్ చెయ్యండి. ఇంజను నెమ్మదించినా రొద తగ్గకపోతే లోపం షాఫ్ట్ నుంచి చక్రాల దాకా ఎక్కడో ఉందన్నమాట. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్ట్ దాదాపు నాలుగున్నర చుట్లు తిరుగుతుంది. కాబట్టి బండి నిదానంగా ఊగితే చక్రాలను, సన్నగా వడివడిగా వణికితే షాఫ్ట్‌ను ముందు చూడాలి.

మూడు, ఏ గేరులో? మొదటి మూడు గేర్లలో రొద ఉండి నాలుగులో మాయమైతే లేషాఫ్ట్ అరిగి ఉండవచ్చు. నాలుగో గేరులో బలం నేరుగా వెనక్కి పోతుంది, లేషాఫ్ట్ మీద భారం పడదు.

నాలుగు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు తేడా ఉందా? ఈల లాంటి శబ్దం ఆ రెండింటికీ మారుతుంటే క్రౌన్ పినియన్ సంగతి చూడాలి. మలుపులో ఒక పక్కకు తిరిగినప్పుడే రొద పెరిగితే చక్రం బేరింగు.

ఈ ప్రశ్నలు ఎందుకంటారా? మన తరగతి మిత్రుడొకడి దగ్గర వాళ్ళ నాన్నగారి 1978 మోడల్ అంబాసిడర్ ఉంది. ఆయన దాన్ని టాక్సీగా తిప్పే మనవాడిని ఈ బడిలో చదివించారు. ఆ మధ్య బండి కదిలేటప్పుడల్లా కింద "టంగ్" మని మోత. ఒక షెడ్డులో డిఫరెన్షియల్ పోయిందని, బండి ఖరీదు కంటే రిపేరు ఖర్చే ఎక్కువని, తుక్కు కింద అమ్మేయమని చెప్పారట. వాడు ఫోన్‌లో ఆ మాట చెబుతుంటే గొంతు పెగల్లేదు.

ఆదివారం వెళ్ళి చూశాం. ముందు చక్రాలకు అడ్డురాళ్ళు పెట్టి, వెనక భాగాన్ని స్టాండ్ల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పాం. వెనక క్రాస్ దగ్గర షాఫ్ట్ కదులుతోంది, దాన్ని ఆనుకున్న ఫ్లాంజ్ కదలడం లేదు. రెండూ కలిసి కదిలి ఉంటే డిఫరెన్షియల్‌ను అనుమానించేవాళ్ళం. తిరిగి అలాగే బిగించడానికి ఫ్లాంజుల మీద గుర్తులు గీసి షాఫ్ట్ విప్పాం. క్రాస్ కప్పుల్లో గ్రీజు చుక్క లేదు, సూది బేరింగులు ఎర్రటి తుప్పు పొడి అయిపోయాయి. రెండు క్రాసులూ మార్చాం. మోత పోయింది.

ఇందులో మిగిలింది డబ్బొక్కటే కాదు. అరిగిన క్రాస్ పరుగులో విరిగితే, ముఖ్యంగా ముందువైపుది విరిగితే, షాఫ్ట్ రోడ్డుకు తన్నుకుని బండినే ఎత్తి పడేయగలదు. ఇప్పుడు వాళ్ళమ్మగారు నిశ్చింతగా ఆ బండిలోనే గుడికి వెళ్తున్నారు.

పిల్లలకు ఒక హెచ్చరిక. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి ఎన్నడూ దూరవద్దు.

ఒకసారి ఒక్కటే మార్చి ఫలితం చూడాలని మన గురువులు సైన్సు ల్యాబులో చెప్పారు. నేను పాతికేళ్ళకు పైగా తింటున్న అన్నం ఆ మాట పెట్టిందే. సంఘం ఒప్పుకుంటే ఏటా ఒక ఆదివారం ఈ బడి ఆవరణలోనే పాత బండి ఒకటి విప్పి పిల్లలకు చూపిస్తాను. మిత్రుడు తన అంబాసిడర్ ఇస్తానన్నాడు. స్పానర్లు నావి.