నాలుగో వారం జ్వరం

డాక్టర్లూ! ఇవాళ్టి నుంచి అలా పిలవొచ్చు కాబట్టి పిలుస్తున్నా.

ఆశయాల గురించి చెప్పడానికి నాకన్నా మంచి వక్తలు ఇక్కడే ఉన్నారు. నేను గుండె లయ చూసే డాక్టర్ని. నా పనిలో తగిలిన ఒక్క సంగతి చెప్పి కూర్చుంటా.

1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో హైసగేర్ బృందం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు నిప్పురవ్వ చాలామందిలో పుపుస సిరల్లోంచే పడుతోందని చూపించింది. అప్పట్నుంచి తొడ మొదట్లోని సిరలోంచి కాథెటర్ పంపి, ఎడమ కర్ణికలో ఆ సిరల చుట్టూ కాలుస్తున్నాం. పేషెంట్ మర్నాడో మూడోనాడో నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోతాడు. చిక్కంతా అక్కడే ఉంది. అబ్లేషన్ చేసేది మేము. తేడా వస్తే ముందు చూసేది మీరు.

మొదటి రోజు తేడాలు వార్డులోనే దొరుకుతాయి. బీపీ జారిపోతూ, నాడి పరుగెడుతూ, చల్లటి చెమటలు పట్టి మనిషి స్థిమితంగా లేకపోతే, సెలైన్ పెట్టి ఊరుకోకండి. గుండె చుట్టూ రక్తం చేరిందేమో ఎకో పెట్టి చూడండి. పరీక్షకు బట్టీపట్టిన బెక్ లక్షణాలు మూడూ కలిసి వచ్చేదాకా మీరు ఆగొచ్చు, పేషెంట్ ఆగడు. గజ్జ దగ్గర కట్టు పొడిగానే ఉన్నా నడుము లాగేస్తోందంటే నమ్మండి. రక్తం పలచబడే మందు మీదున్న మనిషి. లోపల వీపు వైపు కారుతుండొచ్చు. మాట ముద్దగా వచ్చిందా, గడియారం చూసి ఫోనెత్తండి.

ఇవి మీకు నేర్పారు. నేర్పినా సమయానికి తట్టనిది ఇంకొకటుంది.

కొన్నేళ్ల కిందట నేను అబ్లేషన్ చేసిన ఓ పెద్దాయన ఇరవై మూడో రోజున జ్వరమంటూ వాళ్ల ఊరి దగ్గరి చిన్న ఆసుపత్రికి వెళ్లాడు. మింగితే ఛాతీలో నొప్పి. గ్యాసన్నారు, మాత్రలిచ్చారు. తగ్గకపోతే చేర్చుకుని, మర్నాటికి ఎండోస్కోపీ రాశారు. ఆ రాత్రి డ్యూటీలో ఓ కుర్రాడున్నాడు, మీ వయసువాడే. "అమ్మా, ఈ మధ్య గుండెకేమన్నా చేయించారా?" అని పెద్దాయన భార్యను అడిగాడట. ఆవిడ చేతిసంచి అడుగునుంచి, ఆధార్ కార్డులతో కలిపి మడిచిన ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో నా డిశ్చార్జి సమ్మరీ. పదకొండింటికి నాకు ఫోన్.

"సార్, పొద్దున ఎండోస్కోపీ ఉంది. చేయనివ్వొచ్చా?"

నిద్రమత్తు ఎగిరిపోయింది. ఎడమ కర్ణిక వెనకే అన్నవాహిక ఉంటుంది, మధ్య కొన్ని మిల్లీమీటర్లే. మేం కాల్చిన వేడి ఎప్పుడైనా అటు పాకితే పుండు పడుతుంది. కొన్ని వారాలకు ఆ పుండు కర్ణికలోకి తూటు పడొచ్చు. కొన్ని వేల మందిలో ఒకరికి వస్తుంది. వచ్చినవాళ్లలో సగానికి పైగా బతకరు. అలాంటిచోట స్కోపు దించి గాలి ఊదితే, ఆ గాలి తిన్నగా మెదడుకు పోతుంది.

"వద్దు బాబూ. నోటికేమీ ఇవ్వకు. ఛాతీకి కాంట్రాస్ట్ సీటీ తీయించి అంబులెన్సు ఎక్కించెయ్" అన్నాను. అనుమానం నిజమే అయింది. ఆపరేషన్ చేశారు. బతికాడు గానీ, మునుపటిలా నడవడానికి నెలలు పట్టింది.

తర్వాత ఆ డిశ్చార్జి సమ్మరీ తెప్పించుకుని చదివాను. ఏ మాత్ర ఏ పూట, ఉప్పెంత, చెకప్ ఎప్పుడు, అన్నీ ఉన్నాయి. జ్వరమొస్తే ఏం చేయాలో లేదు. రాసింది నేనే. అంతా ఇంగ్లీషులో! ఇప్పుడు మా కాగితం మీద తెలుగులో, లావుపాటి అక్షరాల్లో ఉంటుంది: రెండు నెలల లోపు జ్వరం, మింగితే నొప్పి, కాలో చెయ్యో పడిపోవడం, ఏదొచ్చినా అత్యవసరమే, ఈ కాగితం చూపించండి, మాకు ఫోన్ చేయండి, ఎండోస్కోపీ ఒప్పుకోకండి. ఇంట్లో చూసుకునే మనిషితో అది చదివిస్తాం. చదువు రానివాళ్లకు చెప్పి, తిరిగి చెప్పించుకుంటాం. పల్స్‌డ్ ఫీల్డ్ అని ఈ మధ్య కొత్త పద్ధతి వచ్చింది, అన్నవాహికకు దానితో భయం బాగా తక్కువ. అయినా కాగితం మార్చలేదు.

ఆ రాత్రి కంగారులో కుర్రాడి పేరడగలేదు. తర్వాతెప్పుడో ఆ ఆసుపత్రికి ఫోన్ చేస్తే, పీజీ సీటొచ్చి వెళ్లిపోయాడన్నారు.