మృదంగం ఇటు, నాన్న నిద్ర అటు: మధ్య గోడకు ఏం చేశానంటే

ఇంట్లో చిన్న రికార్డింగ్ గది పెట్టుకోవాలనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "పక్క గదిలోకి శబ్దం పోకుండా ఏ ఫోమ్ అంటించారు?" ఏ ఫోమూ పనిచేయలేదండీ. ఎందుకో చెప్తాను.

మాది మల్కాజిగిరిలో పాత అపార్ట్‌మెంట్. నేను మృదంగం నేర్పుతాను. డాలస్‌లో మన పిల్లలకు వేసవిలో సాయంత్రం ఆరున్నర అంటే మనకు తెల్లవారుజామున ఐదు. ఆ టైము మార్చలేను. నా గదికీ నాన్న పడుకునే గదికీ మధ్య ఉన్నది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. నిరుడు నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. "నీ పని నువ్వు చేసుకోరా, నాకేం వినపడట్లేదు" అనేవారు. ఒకరోజు కాఫీ తాగుతూ, "ఆ మూడోవాడు మిశ్రచాపులో ఒక అక్షరం మింగేస్తున్నాడు, చూసుకో" అన్నారు. అంటే ఐదింటి నుంచీ మేలుకునే ఉన్నారన్నమాట.

మొదట అందరిలాగే నేనూ ఫోమ్ తెచ్చి గోడంతా అంటించాను. నా గదిలో ప్రతిధ్వని తగ్గింది, పిల్లలు "సార్, క్లియర్‌గా ఉంది" అన్నారు. నాన్న గదిలో మాత్రం పిసరంత తేడా లేదు. ఫోమ్ అయినా, గుడ్ల అట్టలైనా చేసేది గది లోపలి మోతను పీల్చుకోవడమే. గోడ దాటే శబ్దాన్ని ఆపాలంటే బరువుండాలి, గాలి దూరే సందు ఉండకూడదు. పోనీ తొమ్మిది అంగుళాల గోడ కట్టిద్దామా అంటే, బరువు రెట్టింపు చేస్తే తగ్గేది ఐదారు డెసిబెల్స్. పైగా పాత స్లాబు మీద అంత బరువా? వద్దనుకున్నాను.

అసలు పని మొదలుపెట్టింది టార్చిలైటుతో. రాత్రి రెండు గదుల్లో లైట్లు ఆర్పి, ఒకవైపు నుంచి టార్చి కొట్టి చూశాను. పాత ఏసీ పైపు కన్నం పైన పుట్టీ పూసి ఉంది గానీ లోపల బోలు. స్విచ్ బోర్డులు విప్పితే, రెండు గదుల పెట్టెలూ వీపులు ఆనించుకుని ఉన్నాయి, మధ్యలో వేలెడు సిమెంటు కూడా లేదు. తలుపు కింద అర అంగుళం సందు. ఇవి పూడ్చకుండా గోడ మీద ఎంత ఖర్చు పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే. బోర్డు పక్క గోడకి మార్పించాను, కన్నం సిమెంటుతో నింపించాను, తలుపు చుట్టూ రబ్బరు బీడింగ్ వేయించాను.

తర్వాత గోడ. పాత గోడను ముట్టుకోకుండా ఒక అంగుళం వదిలి, రెండంగుళాల ఇనుప ఫ్రేము. దాని బిగింపు నేలకీ సీలింగుకీ మాత్రమే, అక్కడా కింద రబ్బరు పట్టీ. ఫ్రేములో రాక్‌వూల్ నింపి, పైన 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు రెండు వరసలు. మొదటి వరస అతుకు మీద రెండో వరస అతుకు పడకూడదు. అంచులన్నీ సాగే సీలెంట్‌తో మూయాలి, పుట్టీ అయితే పగిలిపోతుంది. మొత్తం కలిపి గదిలో నాలుగంగుళాలు పోయాయి. రాక్‌వూల్ పట్టుకునేటప్పుడు గ్లౌజులు, మాస్కు తప్పనిసరి, లేకపోతే ఒళ్లంతా దురద.

ఇక్కడే తిరకాసు వచ్చింది. నేను లేనప్పుడు కార్పెంటర్ ఫ్రేముని పాత గోడకి రెండు ఎల్ క్లాంపులతో బిగించేశాడు. "ఊగుతోంది సార్, అందుకే" అన్నాడు. పనివాడిగా అతను చేసింది తప్పు కాదు, గట్టిగా ఉండాలనే చూస్తాడు. కానీ ఇక్కడ ఆ రెండు గోడలూ ఒకదాన్నొకటి తాకకూడదు. తాకితే కొత్త గోడ అదురు ఆ ఇనుప ముక్క గుండా పాత గోడలోకి పాకుతుంది. బోర్డు వేశాక తెలిసుంటే మళ్లీ విప్పాల్సి వచ్చేది. ఫోటోలు తీసి పంపమనడం వల్ల బతికిపోయాను. మీరూ బోర్డు మూసే ముందు ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి.

పూర్తిగా ఆగిందా అంటే, లేదు. కుడివైపు చాపు ఇప్పుడు అటు వినపడదు. తొప్పి మీద గుమ్కీ మాత్రం నేల గుండా కొంచెం వెళ్తోంది, బరువైన కింది స్వరాలు అంత తేలిగ్గా లొంగవు. కూర్చునే చెక్క బల్ల కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేశాక కొంత నయం. ఇంకో సంగతి, గది ఇంతలా బిగించాక కొత్త గాలి రాదు, స్ప్లిట్ ఏసీ ఉన్నది ఉన్నట్టే తిప్పుతుంది. క్లాసుకీ క్లాసుకీ మధ్య తలుపు తీసి పెడతాను.

నాన్న ఇప్పుడు ఆరున్నర దాకా పడుకుంటున్నారు. మూడోవాడి మిశ్రచాపు సంగతి నేనే చూసుకోవాల్సి వస్తోంది.