ఆకు లోపలి శాస్త్రం, గుమ్మం బయట స్త్రీ
(భద్రాచలంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎండాకాలం వస్తే ఈ అడవి అంచున కోయ స్త్రీలు తెల్లవారకముందే తునికాకుకు బయలుదేరతారు. కట్ట ఎలా కట్టాలో, కల్లం దగ్గర ఎలా లెక్కిస్తారో వాళ్లకు కంఠతా వచ్చు. అదే ఆకు సూర్యకాంతితో ఆహారం ఎలా తయారుచేస్తుందో తెలుసుకునే హక్కు వాళ్ల ఆడపిల్లలకు ఉంది. ఆ గుమ్మం దాటడానికి ఒక స్త్రీ ఎంత పోరాడవలసి వచ్చిందో చెబుతాను.

కమలా భాగవత్ (పెళ్లయ్యాక సోహోనీ) 1911లో ఇండోర్‌లో పుట్టారు. 1933లో బొంబాయిలో రసాయనశాస్త్రం డిగ్రీ పూర్తిచేసి, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సీటు అడిగారు. డైరెక్టర్ సి.వి. రామన్ ఆడపిల్లను తీసుకోనన్నారు. ఆమె వదల్లేదు. చివరికి షరతులు పెట్టి చేర్చుకున్నారు: ఏడాదిపాటు పరీక్షాకాలం, పని నచ్చితేనే గుర్తింపు, ఆమె వల్ల మగవాళ్ల ఏకాగ్రత చెడకూడదు. మగవాళ్ల ఏకాగ్రతకు ఆడవాళ్లు జవాబుదారీ! ఈ మాట మనకేమైనా కొత్తా?

1937లో ఆమె కేంబ్రిడ్జి వెళ్లారు. కిరణజన్య సంయోగక్రియ పరిశోధనలో పేరుపొందిన రాబిన్ హిల్ దగ్గర పనిచేస్తూ, బంగాళాదుంపలో సైటోక్రోమ్-సి ఉందని కనుగొన్నారు. 1939లో డాక్టరేట్ వచ్చింది. కణంలో ఎలక్ట్రాన్లను చేరవేసే ప్రొటీన్ అది. ఆ కుటుంబానికి చెందిన ప్రొటీన్లే ఆకులోనూ సూర్యకాంతి శక్తిని అందిపుచ్చుకునే పనిలో ఉంటాయి. 1966లో డివాల్ట్, చాన్స్ అనే శాస్త్రజ్ఞులు కాంతితో బతికే ఒక బాక్టీరియాను విపరీతంగా చల్లబరిచారు. అయినా సైటోక్రోమ్ నుంచి ఎలక్ట్రాన్ కదలడం ఆగలేదు. వేడి సాయం లేకుండానే అది అడ్డుగోడలోంచి అవతలికి చేరుతోందన్న మాట. ఇవాళ క్వాంటం జీవశాస్త్రం అంటున్నదానికి ఇదొక పునాది.

కమల తిరిగొచ్చి కూనూరు పోషకాహార పరిశోధనాలయంలో పనిచేశారు. తర్వాత హైదరాబాదుకు తరలి జాతీయ పోషకాహార సంస్థ అయింది అదే. బొంబాయిలో అధ్యాపకురాలిగా ఉంటూ, తాటిచెట్ల నీరా పోషకాహారం అందని ఆదివాసీ పిల్లలకు, గర్భిణులకు ఎలా మేలు చేస్తుందో పరిశోధించారు. ఇంత చేసినా డైరెక్టర్ పదవి మాత్రం ఆలస్యంగానే దక్కింది. 1998లో కన్నుమూశారు.

ఒక్కరు గెలిచారని గుమ్మం అందరికీ తెరుచుకోదు. ఆశ్రమ పాఠశాలకు వెళ్లినప్పుడు మనం భోజనం గురించి, మరుగుదొడ్ల గురించి అడుగుతాం. అడగాల్సిందే. ఇకనుంచి మరో రెండు ప్రశ్నలు కలుపుదాం. సైన్సు టీచరు ఉన్నారా? ప్రయోగశాల తాళం ఆడపిల్లల కోసం తీస్తున్నారా?