పసిబిడ్డల పేగుకు కావలి
(తిరుత్తణి తెలుగువారి సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



పసిబిడ్డకు విరేచనములు పట్టినచో, “పండ్లు వచ్చుచున్నవి” యనియో, “దిష్టి తగిలిన”దనియో అనుకొనుట మన ఇండ్లలో పరిపాటి. పెక్కుసార్లు అసలు కారణము రోటా వైరసు. 1973లో ఆస్ట్రేలియాయందలి మెల్బోర్నులో రూత్ బిషప్, ఆమె సహచరులు దీనిని రోగులగు శిశువుల పేగుపొరలో కనుగొనిరి.

పేగు లోపలిపొర ఒకే వరుస కణములతో ఏర్పడినది. ఆహారసారమును పీల్చుకొనునదియు, శత్రువును అడ్డవలసినదియు ఆ పలుచని పొరయే. అందలి ఆంత్రచూషకముల కొనలనున్న కణములను రోటా వైరసు పాడుచేయును. అంతట నీరును లవణములును ఇంకక వెలికిపోవును. బిడ్డ చూచుచుండగనే వాడిపోవును.

అయినను పేగు కావలిలేని కోట కాదు. పొర క్రిందను, పొరకణముల నడుమను రక్షకకణములు కాచుకొనియుండును. వానిలో కొన్ని ఇంటర్‌ల్యూకిన్-22 అను పదార్థమును విడుచును. ఇంటర్‌ఫెరాన్-లాంబ్డా అను మరియొక పదార్థముతో అది కలిసి పనిచేసి రోటా వైరసును అణచునని 2015లో ఎలుకలపై పరిశోధనలు తెలిపినవి. మరికొన్ని కణములు శత్రువును గుర్తించి, ఐజిఏ అను ప్రతిరక్షకమును తయారుచేయును. అది పొరను దాటి పేగులోనికి వచ్చి, వైరసు కణములను తాకకముందే దానిని పట్టుకొనును. తల్లి ముర్రుపాలలో ఈ ఐజిఏ సమృద్ధిగా గలదు. కనుక వానిని పిండి పారబోయరాదు.

పేగునందు శత్రువును గుర్తించిన కణములు తిరిగి పేగుకే చేరి స్థిరపడును. అందుచేతనే రోటా టీకాను సూదితో గాక నోటిద్వారా ఇచ్చెదరు. ఢిల్లీలో డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్ బృందము 1980లలో నవజాత శిశువులనుండి వేరుచేసిన బలహీనపు రకముతో, హైదరాబాదునందలి భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ టీకాను తయారుచేసినది. మన పొరుగున వేలూరులోను దాని పరీక్షలు జరిగినవి. 2014లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, మొదటి యేట తీవ్రవ్యాధి నూటికి 56 వంతులు తగ్గినది. రోటా టీకా 2016లో ఆంధ్రప్రదేశమునందును, 2017లో తమిళనాడునందును ప్రభుత్వ పథకమున చేరినది.

1960లో సరిహద్దు మారినను మన సంబంధములు మారలేదు. నగరిలోనో పుత్తూరులోనో పుట్టినింట పురుడు పోసికొని, తిరుత్తణికో తిరువళ్ళూరుకో వచ్చు ఆడుబిడ్డలు ఎందరో! 6, 10, 14 వారములలో వేయవలసిన మూడు మోతాదులలో ఒకటి ఈ రాకపోకలలో జారిపోవచ్చును. కావున బిడ్డతోపాటు టీకా కార్డును తప్పక తెచ్చుకొనవలెను.

టీకా సంపూర్ణ కవచము కాదు. విరేచనములు మొదలైనచో తల్లిపాలు మాన్పక, ఓఆర్‌ఎస్ ద్రావణమును కొంచెము కొంచెముగా త్రాగించుచు, వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. కావలివారు తమ పని తాము చేయుదురు. బిడ్డ ఒంటిలో నీరు నిలుపుట మన పని.