ఫోను లేని పిల్ల ఏ బెంచీ మీద కూసోవాలె?

(మూసారాంబాగ్ బస్తీ సభలో ఒక టీచరు మాట్లాడింది)



2020 మార్చిలో బడులు మూసిన్రు. సెప్టెంబర్ 1 నుంచి పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పెట్టిన్రు. అదీ 3 నుంచి 10వ తరగతి దాకానే. ఒకటి, రెండు చదివే పిల్లలకు ఏదీ లేదు. అక్షరం దిద్దే ఈడు వాళ్లది!

మన ఇంట్ల ఫోను ఒక్కటే. పొద్దున్నే నాయిన జేబులో అడ్డా మీదికి పోయేది. టీవీ ఉన్నా, అర్థం కాకపోతే టీవీని అడగలేం గదా. బడిలో అయితే పిల్ల మొఖం చూసి మళ్లీ చెప్తం. ఇగ అక్టోబరులో మూసీ పొంగి మన వంతెనే మునిగింది. ఒడ్డు ఇండ్లల్ల టీవీ ఏడుంది, పుస్తకం ఏడుంది?

అంబేద్కర్‌ను బడిలో గోనెపట్టా మీద వేరుగా కూసోబెట్టిన్రు. అయినా పంతులు మాట చెవిన పడేది. ఫోను లేని పిల్లకు అదీ పడలే.

2021 సెప్టెంబర్‌లో బడులు తెరిచిన్రు. పనికి పోయిన పిల్లలందరూ తిరిగి రాలే. పక్కన దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు ఇప్పుడు ఫోన్లలో కూడా పాఠాలు అమ్ముతున్నయి. ఆన్‌లైన్ వద్దని నేననను. కమ్యూనిటీ హాల్లో కంప్యూటర్, నెట్, పక్కన కూసొని చెప్పే మనిషి కావాలని అడుగుదాం. మనిషి లేకుండా డబ్బా ఒక్కటే ఇస్తే ఒప్పుకోవద్దు.

బడి మానిన పిల్లల పేర్లు గల్లీ గల్లీకి రాస్తున్నం. మీకు తెలిసినయి ఈ రాత్రే చెప్పి పోండి.